నువ్వు కూడా ఉండాల్సింది మామా

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నదాన్ని స్కూల్లో వేశాం, మీ చెల్లెమ్మ కొత్త ఉద్యోగంలో చేరింది, హ్యూస్టన్ ఎండలు మన బెజవాడకేం తీసిపోవు. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందట. మిగతావన్నీ తర్వాత. ముందిది విను.

న్యూ ఆర్లీన్స్ వెళ్లొచ్చాను రా! మన పాత జాజ్ సంగీతం వినిపించే ప్రిజర్వేషన్ హాల్లో కూర్చుని విన్నాను!

హాల్ అంటే మనమేదో పెద్ద ఆడిటోరియం అనుకునేవాళ్లం కదా. కాదు. సెయింట్ పీటర్ వీధిలో ఓ పాత ఇంటి గది. 1961 నుంచి అక్కడ కచేరీలు నడుస్తున్నాయి. పెచ్చులూడిన గోడలు, కాసిని బెంచీలు. మందు అమ్మరు. వాయిస్తుండగా ఫోన్ తీశావో, ఊరుకోరు. నాకు ముందు వరసలో నేల మీద చోటు దొరికింది. క్లారినెట్ పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. ఆయన వేళ్లు నా కళ్లకెదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. చూడగానే గుండె ఝల్లుమంది. అది పాతకాలపు కీల అమరిక ఉన్న ఆల్బర్ట్ సిస్టమ్ క్లారినెట్! మనం వాయించే బోమ్ సిస్టమ్ కంటే కీలు తక్కువ. జానీ డాడ్స్, జిమ్మీ నూన్, నీ సిడ్నీ బెషే, ఆ పాత జాజ్ క్లారినెట్ వాళ్లందరూ వాయించింది ఆ రకమే. ఫొటోల్లో చూడ్డమే తప్ప, పెద్దాయన కుడి చిటికెన వేలు ఒక కీ మీంచి ఇంకో కీ మీదకి జారడం అంత దగ్గర్నుంచి చూస్తానని ఏనాడూ అనుకోలేదు.

మన క్లారినెట్ మాస్టారి క్యాసెట్ గుర్తుంది కదా? ఒక వైపు డాడ్స్, రెండో వైపు జార్జ్ లూయిస్. పెన్సిల్ పెట్టి తిప్పీ తిప్పీ టేపు నలిగిపోయింది. 1923లో డాడ్స్ ఉన్న కింగ్ ఆలివర్ బృందం ఇండియానాలోని రిచ్‌మండ్‌లో రికార్డు చేసినప్పుడు మైకుల్లేవు, అందరూ ఒకే రికార్డింగ్ బాకా ముందు నిలబడి వాయించాలి. స్టూడియో పక్కనే రైలు పట్టాలు, రైలొస్తే రికార్డింగ్ ఆపాలి. మాస్టారు అది చెప్పినప్పుడల్లా మన మేడ గది కింద నుంచి గూడ్సు బండి వెళ్లేది, నువ్వు "రికార్డింగ్ ఆపండహో" అని అరిచేవాడివి! ఆ క్యాసెట్లో డాడ్స్ వినిపించేదే గరగరల మధ్య. అయినా ట్రంపెట్ లాంటి కార్నెట్లు పాట పట్టుకుంటే, ట్రోంబోన్ కింద దన్నుగా ఉంటే, వాటన్నిటి మీద క్లారినెట్ అల్లుకుపోవడం అందులోనే నేర్చుకున్నాం. తర్వాత చీరాల పెళ్లిలో మనం ఆ పని చేస్తే పెళ్లికొడుకు మేనమామ... సరే, అది వద్దులే.

అసలు సంగతికొస్తాను. కచేరీ సగంలో పెద్దాయన లేచి నిలబడ్డాడు. డ్రమ్ముల కుర్రాడు పుల్లలు పక్కన పెట్టేశాడు. బాంజో, బేస్ మాత్రం మొదలయ్యాయి. మొదటి స్వరాలకే నాకు తెలిసిపోయింది, జార్జ్ లూయిస్ బర్గండీ స్ట్రీట్ బ్లూస్!

నీకు తెలిసిందే, అయినా రాస్తాను, రాయకపోతే నాకు ఆగదు. లూయిస్ డాకుల్లో సరుకు దించే కూలి. పనిలో ఛాతీకి పెద్ద దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. 1944లో పాత జాజ్‌ని రికార్డు చేసి దాచిన బిల్ రసెల్ రికార్డింగ్ మెషీన్ పట్టుకుని ఆయన ఇంటికే వచ్చాడు. మంచంలో కాలక్షేపానికి వాయించుకుంటున్న వరసలే ఆ రోజు ఆ పాటయ్యాయి. పక్కన లారెన్స్ మర్రెరో బాంజో, స్లో డ్రాగ్ బేస్, అంతే. ఛాతీ నొప్పి ఉన్న మనిషికి అంత ఊపిరి ఎక్కడ్నుంచి వచ్చింది మామా?

పెద్దాయన రికార్డులో ఉన్నది ఉన్నట్టు వాయించలేదు. రెండో చుట్టులో మంద్రానికి దిగాడు. ఆ కొయ్య ధ్వని మన క్యాసెట్లో ఏ రోజూ వినపడలేదు. అక్కడ నేలలోంచి నా ఒంట్లోకి వచ్చింది. మైకు లేదు కాబట్టి ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. నువ్వెప్పుడూ అనేవాడివి చూడు, లూయిస్‌కి శ్రుతి నిలవదని. నువ్వు ఆ గదిలో ఉండాల్సింది. పెద్దాయన కూడా స్వరాన్ని కొంచెం కింద పట్టుకుని, మెల్లగా పైకి లాగి, అక్కడ వణికించి వదిలేవాడు. మనమైతే దాన్ని గమకం అంటాం, ఒప్పుకుంటాం, తల ఊపుతాం. లూయిస్ చేస్తే మాత్రం శ్రుతి తప్పాడా? ఈ ఒక్క విషయంలో నీతో జన్మలో రాజీపడను.

ఏడ్చాను రా. పక్కన కూర్చున్న పెద్దావిడ ఎవరో నా భుజం తట్టింది. మాస్టారు ఉండుంటే... ఆయన దమ్ము గురించి చెప్పేవన్నీ ఆ గదిలో కళ్ల ముందు కనిపించాయి. ఆయనకి ఇది రాయలేకపోతున్నానని ఎంత బాధగా ఉందో.

బయటికొచ్చాక బర్గండీ వీధి దాకా నడిచాను. ఆ మూల మీద నిలబడి నీకు ఫోన్ చేద్దామనుకున్నా, అక్కడ నీకు తెల్లవారుజాము.

అన్నట్టు నీ క్లారినెట్ మూతికి పెట్టే రీడ్లు దొరికాయి, రెండున్నర నంబరు, పార్సెల్ చేశాను. పాతవి దాచకుండా పారెయ్! బెషే తన బ్లూ హొరైజన్ పాట వాయించింది కూడా 1944లోనే కదా, దాన్నీ బర్గండీ స్ట్రీట్ బ్లూస్‌నీ పక్కపక్కన పెట్టి విను, ముఖ్యంగా మంద్రంలో బెషే ఎక్కడ ఆగుతాడో చూసి నాకు... అయ్యో, చిన్నదాని స్కూలు వదిలే టైమైపోయింది. వెంటనే రాయి.

నీ మామ