ఆ ఫోన్ టేబుల్ మీద పెట్టి వచ్చినవట

బిడ్డా,

ఎట్లున్నవు? నీ ఫోన్ రాక పన్నెండు రోజులైంది. నైట్ డ్యూటీలు ఉన్నయేమో అనుకున్న. కాజీపేట చిన్నమ్మతోని పండుగ సకినాలు పంపిన, ముట్టినయా? డబ్బా మూత గట్టిగ పెట్టు, గాలి తగిల్తె మెత్తబడ్తయి. మీ బాపు మోకాలు ఇప్పుడు నయమే.

చిన్నమ్మ ఇంకో మాట సుత చెప్పింది. పేషెంట్ల బీపీ, మందులు ఎక్కియ్యనీకి వార్డుల ఇచ్చిన ఫోన్ ఇన్‌చార్జి సిస్టర్ టేబుల్ మీద పెట్టి "నాతోని కాదు, కేస్ షీట్లనే రాస్త" అన్నవట. నిజమేనా? కోపంతోని అడుగుతలేను.

1989ల ఫ్రెడ్ డేవిస్ అనే ఆయన రాసిండు: కొత్త యంత్రం వస్తే మనిషి చూసేవి రెండు, పనికి అక్కరకొస్తదా, వాడుడు అల్కగ ఉన్నదా అని. నర్సులకు మూడోది సుత ఉన్నది, ఒకటే పని రెండుసార్లు చేయిస్తదా అని. బీపీ ఫోన్ల ఒకసారి, షీట్ల ఒకసారి ఎక్కించమంటే ఎవరికైనా విసుగొస్తది. నీ బాధ అదే అయితే, ఒక్కో పేషెంటుకు ఎన్ని నిమిషాలు పడ్తున్నదో మూడు షిఫ్టులు రాసిపెట్టి ఇన్‌చార్జికి చూపెట్టు. "నాతోని కాదు" అంటే ఎవరింటరు?

ఒక ఆస్పత్రిల అయిన సంగతి చెప్త. కొత్త స్టాఫ్, తెలివిగల పిల్ల. 500 ఎంఎల్ సెలైన్ 8 గంటల్ల పోవాలె. చుక్కల లెక్క కట్టే ఫోన్ యాప్‌ల 500, 8 కొట్టింది. నిమిషానికి 16 చుక్కలు అన్నది. ఆ పిల్ల గడియారం పట్టుకొని, రోలర్ తిప్పుకుంట సరిగ్గ 16కు పెట్టింది. పొద్దుగాల 8కి మొదలైంది, సాయంత్రం 4 అయినా బాటిల్ల ఇంకా 116 ఎంఎల్ ఉన్నది. దానెన్క పెట్టాల్సిన యాంటీబయాటిక్ ఆలస్యమైంది. చెయ్యి ఉబ్బిందా అని చూసిండ్రు, ట్యూబ్ మడతపడ్డదా అని చూసిండ్రు, ఏం లేదు. ఆ యాప్‌ల డ్రాప్ ఫ్యాక్టర్, అంటే ఒక ఎంఎల్‌కు ఎన్ని చుక్కలో ఆ అంకె, ముందే 15 అని పెట్టి ఉన్నది. ఆ సెలైన్ ట్యూబ్ సెట్టు ప్యాకెట్ మీద ఉన్నదేమో 20. 500ను 20తోని గుణించి 480 నిమిషాలతోని భాగిస్తే 21 చుక్కలు రావాలె. 16తోనైతే 10 గంటల 25 నిమిషాలు పడ్తది. పిల్లలకు పెట్టే మైక్రో సెట్టు మీదైతే ఆ అంకె 60 ఉంటది. తెల్లారి ఆ పిల్ల యాప్‌నే తీసేసింది. అది తప్పు బిడ్డా. 15 ఉన్నకాడ 20 చేస్తే అయిపోయేది. ప్యాకెట్ మీది అంకె చూడంది యాప్ తెరవద్దు, అంతే.

మందు ఇచ్చే ముందు పేషెంటు చేతి బ్యాండు ఫోన్‌తోని స్కాన్ చేసుడు సుత మొదలైందట కదా. బ్యాండు తడిసినా, మణికట్టు కాడ వంగినా ఫోన్ దాని మీది గీతలు చదవది. రెండు వేళ్లతోని సాపుజేసి పట్టు, అయినా రాకపోతే కొత్తది కట్టించు. బ్యాండ్ల నకళ్లు కౌంటర్ కాడ అంటించి అక్కడ్నే అన్ని స్కాన్ చేసుడు మాత్రం ఎన్నడు చెయ్యకు. ఒకరి మందు ఇంకొకరికి పోయేది గట్లనే. ఇన్సులిన్ సీసా 40 యూనిట్లదా 100దా, సిరంజి మూత ఎర్రదా నారింజదా, అది ఫోన్ చూడదు, నువ్వే చూడాలె. లాగిన్ ఎవ్వలకు ఇయ్యకు. "జర నీదాంట్ల ఎక్కిస్త" అంటే నువ్వు కాదనలేవు, నీ మొహమాటం నాకు తెల్వదా? వాళ్లిచ్చిన మందు నీ పేరు మీద పడ్తది. గ్లౌజులతోని ఫోన్ ముట్టకు. మంచం మారినప్పుడల్లా 70 శాతం ఆల్కహాల్ వైప్‌తోని తుడువు, చేతులు సుత.

మల్ల అదే అడుగుత. అలిసిపోయి పెట్టి వచ్చినవా, లేకపోతే పేషెంటు మనుషులెవరన్న "సిస్టర్ ఫోన్ చూసుకుంట కూసున్నది" అన్నరా? అట్ల అంటే గుండె కలుక్కుమంటది, నిజమే. మంచం కాడికి పోయి "అమ్మా, మీ బీపీ ఇండ్ల ఎక్కిస్తున్న" అని స్క్రీన్ వాళ్లకు ఒక్కసారి చూపెట్టు. రెండోసారి అనరు.

టైముకు తిను. డ్యూటీ చెప్పులు అరిగినయంటివి, కొత్తవి కొనుక్కో, పైసలు పంపుత. రేపు డ్యూటీ దిగినంక ఏ యాళ్లకైనా సరే ఫోన్ చెయ్యి, మీ వార్డు సెట్టు ప్యాకెట్ మీద ఎంత రాసి ఉన్నదో చూసి చెప్పు. సకినాలు నాలుగు ఇన్‌చార్జి సిస్టర్‌కు సుత పెట్టు.

అమ్మ
హన్మకొండ