ఇరుంగాట్టుకోట్టైలో నా క్లచ్‌ను కాపాడిన అన్నకు

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ పక్క షెడ్డులో నా టర్బో కారు క్లచ్‌ను కాపాడిన అన్నా, మీ పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. మీకు మనసారా కృతజ్ఞతలు.

టాప్ గేర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరిగేది, కారు వేగం పెరిగేది కాదు, అంటే క్లచ్ జారుతోంది. మిగతావాళ్లంతా క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారు. మీరు మాత్రం గేర్‌బాక్స్ దించాక కారిన నూనె వాసన చూశారు. గేర్ ఆయిల్‌కుండే గంధకం ఘాటు లేదు కాబట్టి అది ఇంజిన్ ఆయిలేనని, క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక నూనె కారకుండా ఆపే సీల్ పోయి, ఆ నూనె క్లచ్ మీద పడుతోందని తేల్చారు. ముందు సీల్ మార్చాలి, లేకపోతే ఎంత కడిగినా దండగేనన్నారు.

మామూలు క్లచ్ డిస్క్ మీదుండే ఆర్గానిక్ లైనింగ్ (నార, రెసిన్‌తో చేసిన రాపిడి పొర) నూనెను పీల్చేసుకుంటుంది, అలా తడిస్తే పారేయాల్సిందే. నాది సింటర్డ్ మెటల్ (లోహపు పొడిని వేడితో గట్టిపరిచి చేసిన) డిస్క్ కావడం అదృష్టం. బ్రేక్ క్లీనర్ కొట్టడం, శుభ్రమైన గుడ్డతో తుడవడం, గుడ్డకు మరక అంటనంతవరకూ మళ్లీ మళ్లీ చేశారు. డిస్క్‌ను రెండు వైపులా పట్టి ఉంచే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ మీద సన్న ఎమరీ పేపర్‌తో రుద్దారు. పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్‌ను మాత్రం క్లీనర్‌కు దూరంగా పెట్టించారు, లోపలి గ్రీజు కరిగిపోతుందని. పని మీద అంత ప్రేమ ఉన్న మనిషిని చూడటం ఎంత సంతోషమో!

ఇప్పుడు క్లచ్ జారడం లేదు. మీరు డబ్బు తీసుకోలేదు, టీ కూడా తాగలేదు. ఇది మీ కంటపడితే ఒక్క కబురు పంపండన్నా, కారు తెచ్చి చూపిస్తాను.