కళ్లు తెరిచే ఉన్నాయి

సంపాదకులకు నమస్కారం.

సీసీ కెమెరాల ముందు కూర్చునేవాళ్లు జీతం తీసుకుని నిద్రపోతారని పోయిన వారం ఒక పాఠకుడు మీ పత్రికకు రాశారు. పదకొండేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే.

ఒక రాత్రి రెండున్నరకి వెనక గేటు దూకి ఒకడు లోపలికొచ్చాడు. నాకు కనబడలేదు. తెల్లారాక రికార్డింగ్ వేసి చూశారు. మా గదిలోనూ ఒక కెమెరా ఉంది. అందులో నేను నిటారుగా కూర్చుని, సరిగ్గా తెర మీద ఆ గేటు కనబడే బాక్సు వైపే చూస్తున్నాను. రెప్ప వేయడం కూడా తెలుస్తోంది. అయినా మెమోలో ‘నిద్రపోయాడు’ అనే రాశారు. ఆ ఒక్క మాట నన్ను చాలా బాధపెట్టింది.

అసలేం జరిగిందో తెలుసుకోవాలని అప్పట్నుంచి దొరికినదల్లా చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ చూసేవాళ్లకీ ఇదే కష్టం. దాన్ని పరీక్షించడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త ఒక గడియారంలాంటిది తయారుచేశాడు. దాని ముల్లు సెకనుకో అడుగు వేస్తుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. ఆ దూకుడు పట్టుకోవాలి, అంతే పని. రెండు గంటల పరీక్షలో అరగంట దాటేసరికే గమనించకుండా వదిలేసేవి పెరిగాయి. అరగంట పని, అరగంట విశ్రాంతి ఇస్తే మాత్రం అలా జరగలేదు. ఇది 1948లోనే అచ్చయింది.

కంట్లో పడటం వేరు, మెదడు పట్టించుకోవడం వేరు. చూసింది తల వెనక భాగానికి చేరుతుంది. కానీ కాపలా కాసేది ఎక్కువగా మెదడు కుడివైపున్న ఫ్రాంటల్ (నుదుటి వెనక), పరైటల్ (నడినెత్తి కింద) భాగాలు. స్ట్రోక్ వల్ల కుడి పరైటల్ దెబ్బతిన్న కొందరికి చూపు బాగానే ఉన్నా ఎడమవైపు ఉన్నవేవీ పట్టవు. గడ్డం కుడివైపే గీసుకుని లేచిపోతారు. ఈ భాగాలను మెలకువగా ఉంచేది మెదడు కాండంలో ఉండే లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు. ధ్యాస జారబోయే ముందు కుడి ఫ్రాంటల్‌లో చురుకు తగ్గడం, ఆ వెంటనే వెనకనున్న చూపు భాగం మందగించడం ఎంఆర్ఐ స్కానింగుల్లోనే కనబడింది. మనిషి మేలుకుని ఉండగానే!

మాకు ఒక్కొక్కరికి పదహారు బాక్సులు, ఎనిమిది గంటలు, మధ్యలో ఒకే ఒక్క బ్రేక్. ఇద్దరిని వేసి అరగంటకోసారి మారనివ్వమని రాసిచ్చాను. జవాబు రాలేదు. దయచేసి ఈ ఉత్తరం వేయండి, షిఫ్టులు వేసేవాళ్లు ఒక్కరైనా చదువుతారు.

ఇట్లు,
ఒక నైట్ షిఫ్ట్ ఆపరేటర్