కొంగుకు నలభై ఏడు కుచ్చులు

బంగారూ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను నోరు తెరిచేలోపే నీ ఐదు నిమిషాలు అయిపోయాయి. నీ వెనక క్యూలో ఉన్న పిల్ల "అయిందా అక్కా" అనడం నాకూ వినిపించింది. అందుకే ఈ ఉత్తరం. మీ హాస్టల్లో సెల్‌ఫోన్ ఒప్పుకోకపోవడం వల్ల ఎన్నేళ్లకో నేను మళ్లీ పెన్ను పట్టుకున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు.

"ఏ స్కూల్లో చదివినావు అని అడిగితే ఏదో ఒక పేరు చెప్పేసినా మా, తప్పా?" అన్నావు. నిజం చెప్తున్నా, రెండు రోజులు మనసు బాగాలేదు. తొమ్మిదేళ్లు ఇంట్లో కూర్చోబెట్టి చదివిస్తే, అది చెప్పుకోవడానికి నా బిడ్డకు సిగ్గయిందే అనుకున్నాను. మీ నాయనతో కూడా అన్నాను. ఆయన మిల్లు నుంచి వచ్చి, చొక్కాకు అంటిన బుడ్డల పొట్టు దులుపుకుంటూ, "నువ్వు చెప్పలేదా ఏంది?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నువ్వు బడి మానిన కొత్తలో ధర్మవరం పెళ్లిలో మీ పెద్దత్త అడిగితే, ఊరికి అవతల ఉన్న ఏదో బడి పేరు చెప్పింది నేనే. పక్కనే నువ్వు ఓళిగ తింటూ నా మొహంలోకి చూశావు. కాబట్టి ఈ విద్య కూడా నేను నేర్పిందే.

నిన్ను బడి ఎందుకు మాన్పించామో నీకు సగమే తెలుసు. రెండో తరగతిలో ఫీజు కట్టడం ఆలస్యమైందని రెండు రోజులు నిన్ను క్లాసు బయట నిలబెట్టారు. నువ్వు ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. రాత్రుళ్లు పక్క తడపడం మొదలుపెట్టాక, మీ అవ్వ బుజ్జగించి అడిగితే బయటపడింది. ఆ నెలాఖరుకు ఫీజు కట్టేశాం, కానీ మళ్లీ పంపడానికి నాకు చేతులు రాలేదు. ఇంట్లోనే చదివించాలని నాకేమీ పెద్ద సిద్ధాంతం లేదు. నేను బీఎస్సీ చదివి బ్లౌజులు కుట్టుకునేదాన్ని. కోపంలో చేసిన పని అది. కోపం తగ్గేసరికి నువ్వు మూడో తరగతి పుస్తకం సగం చదివేశావు.

మొదటి ఏడాది ఎంత ఘోరంగా నడిచిందో గుర్తుందా? గోడకు టైం టేబుల్ అంటించాను. తొమ్మిదింటికి స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టేదాన్ని. "మేడం అను" అని కూడా అన్నాను, సిగ్గులేకుండా! నువ్వు మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక దాక్కునేదానివి. ఆ టైం టేబుల్ చింపిన రోజు ఏదో నాకు తెలుసు. నీకు గుర్తుందో లేదో.

ఎవరిదో పెళ్లి చీర, ధర్మవరం పట్టు, అరిటాకు పచ్చ. కొంగుకు కుచ్చులు కట్టి పొద్దున్నే ఇచ్చెయ్యాలి. కొంగు వెడల్పు కొలిస్తే సరిగ్గా 46 అంగుళాలు. ఆ అంచు నుంచి ఈ అంచు దాకా అంగుళానికొక కుచ్చు, కుచ్చుకు మూడు ముత్యాల పూసలు. ఎన్ని పూసలు కావాలో చెప్పమని నీకే లెక్కిచ్చాను. నువ్వు 141 అన్నావు. 46 మూళ్లు 138 కదా, ఎక్కాలు కూడా రావా అని నెత్తిన ఒకటి మొట్టాను. నువ్వు ఏడవలేదు. "ఒకటి తక్కువైతుంది మా" అని మాత్రం అన్నావు. నేను వినలేదు. బజారుకెళ్లి లెక్కగా 138 పూసలే తెచ్చాను.

రాత్రి పదకొండయింది. అట్టకు దారం చుట్టడం, కత్తిరించడం, మెడకు జరీ పోగు బిగించడం, పూసలు ఎక్కించడం. వేళ్లు నొప్పులు పుట్టాయి. చివరికి వచ్చి చూస్తే కొంగు మూల ఖాళీగా ఉంది. చేతిలో పూస లేదు. మళ్లీ కొలిచాను, మళ్లీ లెక్కపెట్టాను, అయినా మూల ఖాళీయే. నువ్వు నిద్రలోంచి లేచి వచ్చి, నా ముందు అరచెయ్యి విప్పి పెట్టావు. "వేళ్లు ఐదు, సందులు నాలుగే కదా మా" అన్నావు. తర్వాత నీ మెడలోని పూసల దండ తెంపి మూడు పూసలు ఇచ్చావు. రంగు కొంచెం తేడా. ఆ చీర కట్టుకున్నావిడ ఇప్పటిదాకా కనిపెట్టలేదు, దేవుడి దయ.

పొద్దున్నే టైం టేబుల్ పీకేశాను. మొట్టినందుకు మాత్రం సారీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఆ తర్వాతవన్నీ మంచి రోజులే. సీసా కోసి మేడ మీద వాన కొలిచేవాళ్లం. ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే పడే జిల్లా కాబట్టి, చుక్క పడితే చాలు స్కేలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు మీరిద్దరూ. ఆ నోటుబుక్కు ఇప్పుడు తమ్ముడి చేతిలో ఉంది, అంకెలు కోడి కెలికినట్టు రాస్తున్నాడు. తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట గుర్తుంది కదా? ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ అని 2020లో పేపర్లో చూసి, పోదాం పోదాం అని ప్రాణం తీశావు. బొమ్మలు చేసే ఇంట్లో ఒక తాత, గీకి గీకి పలచన చేసిన మేకతోలు ఎండకు ఎత్తి చూపించాడు. నగలున్న చోటల్లా ఉలితో పొడిచిన చిల్లులు, వాటిలోంచి వెలుతురు నీ గౌను మీద చుక్కలు చుక్కలుగా పడింది. నువ్వు ఆ చుక్కలను చేత్తో పట్టుకోవాలని చూశావు.

తర్వాత నెలకే లాక్‌డౌన్. అన్ని బళ్లూ మూతపడ్డాయి. మీ నాయన పాత పంచె కట్టి, వెనక బల్బు పెట్టి, అట్టముక్కల రావణుడితో వీధి పిల్లలకు ఆట ఆడించావు. బొమ్మ పంచెకు ఆనితే నీడ గీత గీసినట్టుంటుందని, బల్బు దగ్గరికి జరిపితే పెద్దదై చెదిరిపోతుందని నువ్వే వాళ్లకు చెప్పావు. పిల్లను బడి మాన్పించి పాడు చేస్తోందని నా మీద చెప్పుకున్న ఎదురింటామె, తన ఇద్దరినీ రోజూ మనింటికే తోలేది. నాకు ఎంత తృప్తిగా ఉండేదో, ఒక కప్పు టీ కూడా ఇచ్చేదాన్ని ఆమెకు!

14 ఏళ్లు నిండాక ఎన్ఐఓఎస్‌లో, అదే జాతీయ ఓపెన్ స్కూల్లో, పదో తరగతికి కట్టడం, ఆ పరీక్షల టెన్షన్, ఇవన్నీ నీకు తెలిసినవే. సర్టిఫికెట్ మీద ఆ పేరు ఉంది. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే అది చెప్పు. లేదా ఇంట్లో చదివినా అను. అదీ చెప్పబుద్ధి కాని రోజు ఉంటే ఊరుకో. నేను బాధపడను. పడినా రెండు రోజులే.

సంచిలో పప్పుల పొడి, నువ్వుల ఉండలు పెట్టాను. ఉండలు అవ్వ చేసినవి, కొంచెం గట్టిగా వచ్చాయి. నీ రూమ్‌మేట్ వాళ్లక్క చీరకు కుచ్చులు కావాలన్నావు కదా, గులాబీ దారం, అట్ట, జరీ పోగు పంపిస్తున్నాను. పూసలు పంపలేదు. కొంగు కొలిచి ఎన్ని కావాలో ఆదివారం ఫోన్‌లో నువ్వే చెప్పు, అన్నే తెస్తాను.

మీ అమ్మ
అనంతపురం