గది సైజు ఒక్కటే అడిగి పోర్టబుల్ ఏసీ అంటగట్టారు, నా డబ్బులు నాకు తిరిగివ్వండి

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: 1 టన్ పోర్టబుల్ ఏసీ వాపసు, పూర్తి డబ్బు చెల్లింపు, మీ వెబ్‌సైట్‌లో తప్పుదోవ పట్టించే వివరాల గురించి.

అయ్యా,

ఏప్రిల్‌లో మీ వెబ్‌సైట్‌లో 1 టన్ పోర్టబుల్ ఏసీ కొన్నాను. బిల్లు, ఆర్డర్ కాపీ, కొనేముందు మీ వాళ్లతో చేసిన చాట్ స్క్రీన్‌షాట్లు, కిటికీ ఫోటోలు అన్నీ ఈ మెయిల్‌కి జత చేశాను. మీ కాల్ సెంటర్ వాళ్లు ఫోన్ చేసిన ప్రతిసారీ "మెషీన్ ఆన్ అవుతోందా మేడం, గాలి చల్లగా వస్తోందా" అని అడుగుతున్నారు, అవునంటే "అయితే ప్రాబ్లమ్ ఏమీ లేదు మేడం" అని కంప్లైంట్ క్లోజ్ చేసేస్తున్నారు. గాలి చల్లగానే వస్తోంది. గది చల్లబడట్లేదు. ఈ రెండిటికీ తేడా ఏంటో ఫోన్‌లో వినే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. దయచేసి ఇంకో టికెట్ నంబర్ ఇచ్చి మూసేయకుండా చివరిదాకా చదవండి.

మాది విజయవాడ. అద్దె ఇల్లు, పై అంతస్తు, పైన శ్లాబ్ తప్ప ఇంకేమీ లేదు. బెడ్‌రూమ్‌కి పడమటి గోడ. మే నెలలో ఇక్కడ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, సాయంత్రం ఏడింటికి గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది, శ్లాబ్ పగలంతా తాగిన వేడి అర్ధరాత్రి దాకా కిందకి దించుతూనే ఉంటుంది. ఆ గదిలో పడుకునేది మా అత్తయ్యగారు. డెబ్బై దాటాయి, బీపీ మనిషి. స్ప్లిట్ ఏసీ పెట్టిద్దామంటే ఇంటి ఓనర్ గారు గోడకి కన్నం పెట్టనివ్వనన్నారు, విండో ఏసీకి కిటికీ ఊచలు కోయాలి, దానికీ ఒప్పుకోలేదు. మా ఆయనది బదిలీల ఉద్యోగం. అందుకే పోర్టబుల్ వైపు చూశాం. మీ ప్రకటనలో కూడా సరిగ్గా మాలాంటి వాళ్లకే చెప్పినట్టు "అద్దె ఇళ్లకి అనువైనది, డ్రిల్లింగ్ అక్కర్లేదు, ఇన్‌స్టలేషన్ అక్కర్లేదు" అని ఉంది.

కొనేముందు మీ చాట్‌లో ఇవన్నీ అడిగాను. పై అంతస్తు అని చెప్పాను, పడమటి గోడ అని చెప్పాను, కిటికీకి ఇనుప ఊచలున్నాయి, వేడిగాలి బయటికి తోసే గొట్టం ఎలా పెట్టాలి అని అడిగాను. మీ మనిషి తిరిగి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, "రూమ్ సైజ్ ఎంత మేడం?" పదిబై పన్నెండు అన్నాను. "1 టన్ సరిపోతుంది మేడం, విండో కిట్ బాక్స్‌లోనే వస్తుంది" అని జవాబు. స్క్రీన్‌షాట్‌లో చూడండి. ఊచల సంగతికి జవాబే లేదు.

గొట్టాన్ని కిటికీకి అమర్చే ఆ విండో కిట్ సంగతే ముందు చెప్తాను. బాక్స్‌లో వచ్చింది పక్కకి జరిగే అద్దాల కిటికీలకి పెట్టుకునే ప్లాస్టిక్ పలకలు. మా కిటికీ చెక్కది, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, లోపల ఫ్రేముకి నిలువు ఊచలు. ఊచకీ ఊచకీ మధ్య నాలుగంగుళాలు కూడా లేదు, మీ గొట్టం మూతి దానికన్నా వెడల్పు. అది బయటికి వెళ్లే దారే లేదు. మీ వెబ్‌సైట్ ఫోటోలో ఉన్నది ఊచల్లేని పెద్ద అద్దాల కిటికీ, పక్కన తెల్ల పరదా. విజయవాడలో, గుంటూరులో, ఖమ్మంలో ఎన్ని అద్దె ఇళ్లకి ఊచల్లేని కిటికీ ఉంటుందో మీ ఫోటో తీసినవాళ్లు ఒక్కసారైనా ఆలోచించారా? చివరికి వడ్రంగిని పిలిచి ప్లైవుడ్ కోయించి, దానికి గుండ్రంగా కన్నం పెట్టించి ఊచలకి ఆనించి కట్టాం. గొట్టంలోంచి వచ్చే వేడిగాలి ఊచలకి కొట్టుకుని కొంత వెనక్కే వస్తోంది. ఆ గొట్టం కూడా పల్చటి ప్లాస్టిక్, మెషీన్ అరగంట నడిచాక చెయ్యి పెడితే ఆనించలేనంత వేడి. అంటే ఒక పక్క గది చల్లబరుస్తూ, ఇంకో పక్క గదిలోనే హీటర్ పెట్టినట్టయింది. నేను పాత దుప్పటి చుట్టి తాళ్లతో కట్టాను, కొంచెం నయం.

అసలు సమస్య మాత్రం గొట్టం వేడి కాదు, గొట్టం ఒకటే ఉండటం. మీరు పంపిన టెక్నీషియన్ కుర్రాడు మర్యాదస్తుడు, వచ్చి గ్యాస్ చూశాడు, ఫిల్టర్ చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. మరి గది ఎందుకు చల్లబడట్లేదు బాబూ అని అడిగితే, "ఇది సింగిల్ హోస్ కదా మేడం, ఇంతే వస్తుంది" అన్నాడు. ఆ మాట కొనేముందు మీరు చెప్పాలి. అతను చెప్పాక కూర్చుని చదివాను, విషయం చాలా సూటిగా ఉంది. స్ప్లిట్‌లో వేడి చిమ్మే భాగం గది బయట ఉంటుంది, బయటి గాలితోనే చల్లబడుతుంది. మీ మెషీన్‌లో ఆ భాగం కూడా గదిలోనే ఉంది కాబట్టి దాన్ని చల్లబరచడానికి గదిలో గాలినే లాక్కుని, వేడి చేసి, గొట్టంలోంచి బయటికి తోస్తుంది. అంటే అప్పుడే చల్లబరిచిన గాలిలో కొంత బయటికి పోతోంది. పోయిన గాలి స్థానంలోకి ఎక్కడినుంచో ఒకచోటి నుంచి గాలి రావాలి కదా, అది తలుపు కింద సందులోంచి, కిటికీ రెక్కల సందుల్లోంచి, అటాచ్డ్ బాత్రూమ్ వెంటిలేటర్ అద్దాల మధ్యనుంచి వస్తోంది. వచ్చేది బయటి 42, 43 డిగ్రీల గాలి. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే ఉంది వ్యవహారం.

ఇది పుస్తకాల్లో చదివి చెప్తున్న మాట అనుకోకండి. తలుపు వేసి, మెషీన్ ఆన్ చేసి, తలుపు కింద అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాను. పొగ పైకి లేవకుండా అడ్డంగా గదిలోకి లాక్కుపోతోంది, మెషీన్ ఆపగానే మామూలుగా పైకి లేస్తోంది. వీడియో జత చేశాను. వంటింట్లో పోపు వేస్తే మూసిన బెడ్‌రూమ్‌లోకి ఘాటు వస్తోంది, అంతకుముందు ఎప్పుడూ లేదు. బాత్రూమ్ వాసన కూడా అంతే. తలుపు కింద పాత చీర మడిచి పెట్టాం, వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టాం, ఒక దారి మూస్తే ఇంకో దారిలోంచి వస్తోంది. మెషీన్ గాలిని బయటికి తోస్తున్నంత సేపూ ఇంకో గాలి లోపలికి రాక తప్పదు.

ఫలితం ఏంటంటే, రిమోట్‌లో 24 పెట్టి మధ్యాహ్నం నుంచీ నడిపినా మంచం పక్కన పెట్టిన థర్మామీటర్ 31 కిందకి దిగట్లేదు. మెషీన్ ముందు కూర్చుంటే మోకాళ్లకి చల్లగా ఉంటుంది, మంచం మీద పడుకున్న మనిషికి మాత్రం ఉక్కే. మీ డిస్‌ప్లే చూపించే అంకె నమ్మొద్దు, దాని సెన్సర్ మెషీన్ ఒంట్లోనే ఉంది కదా, దాని చుట్టుపక్కల చల్లదనమే అది చెప్తుంది.

ఇప్పుడు "1 టన్" అనే మాటకి వస్తాను, నా ఫిర్యాదుకి ప్రాణం ఇదే. టన్ అంటే గంటకి 12,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), సుమారు 3,500 వాట్ల వేడిని గదిలోంచి తీసేయగలగడం. స్ప్లిట్ ఏసీ మీద రాసిన టన్‌కీ, ఒకే గొట్టం ఉన్న పోర్టబుల్ మీద రాసిన టన్‌కీ గదిలో దక్కేదాంట్లో చాలా తేడా ఉంది, ఎందుకంటే పోర్టబుల్ లోపలికి లాగే వేడిగాలినీ, గొట్టం వెదజల్లే వేడినీ ఆ అంకెలోంచి తీసేయలేదు. ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికా ఇంధన శాఖ 2016లోనే పోర్టబుల్ ఏసీలకి వేరే కొలత పద్ధతి పెట్టింది, లోపలికొచ్చే వేడిగాలిని, గొట్టం వేడిని లెక్కలోంచి తీసేసి అంకె రాయమంది. పాత లెక్కలో 14,000 బీటీయూ అని అమ్మిన మెషీన్ల మీద అక్కడ ఇప్పుడు 10,000, ఒక్కోసారి అంతకన్నా తక్కువ కనిపిస్తుంది. ఆ కొలత కూడా బయట 35 డిగ్రీలు, 28 డిగ్రీలు ఉన్నప్పుడు తీసింది. మాకు మే నెలలో 28 డిగ్రీలంటే తెల్లవారుజామున తప్ప దొరకదు. మరి మా గదిలో ఆ 12,000లో ఎంత మిగులుతుందో మీ ఇంజనీర్లకి తెలియదా? తెలుసు. తెలిసే స్ప్లిట్ ఏసీల పక్కన అదే "1 టన్" రాసి, అదే "120 చదరపు అడుగుల దాకా" అని రాసి అమ్ముతున్నారు. స్ప్లిట్లకి స్టార్ లేబుల్ ఉంటుంది, దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఉంటుంది, పోల్చుకోవచ్చు. మీ మెషీన్ మీద ఆ లేబుల్ లేదు. కొనేవాళ్లకి పోల్చుకోవడానికి మిగిలింది ఆ ఒక్క టన్ అంకె, అదే నమ్మదగ్గది కాకపోతే ఇక దేన్ని చూసి కొనాలి?

నీళ్ల సంగతి కూడా రాయాలి. బాక్స్ మీద "సెల్ఫ్ ఎవాపరేషన్, నీళ్లు పారబోసే పని లేదు" అని పెద్దక్షరాలతో ఉంది. పొడి గాలి ఉన్న ఊళ్లో అలాగే ఉంటుందేమో. కృష్ణ ఒడ్డున, ఉక్కపోత రోజుల్లో, గాలిలో ఉన్న తేమంతా మెషీన్‌లో చేరి ట్యాంకు నిండిపోతుంది, ఎర్ర లైటు వెలిగి కంప్రెసర్ ఆగిపోతుంది. ఇది జరిగేది ఎప్పుడూ రాత్రిపూటే. డ్రెయిన్ మూత నేలకి రెండు వేళ్ల ఎత్తులో ఉంది, దాని కింద గిన్నె పట్టదు, స్టీలు పళ్లెం పెట్టి నిండగానే మూత బిగించి, పారబోసి, మళ్లీ విప్పాలి. ముప్ఫై కిలోల మెషీన్‌ని వంచడం అత్తయ్యగారి వల్ల అయ్యే పనేనా? నిద్ర లేచి నేనే వెళ్తున్నాను. చప్పుడు గురించి ఎక్కువ రాయను, కంప్రెసర్ మంచం కాళ్ల దగ్గర ఉంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

వాపసు తీసుకోమంటే మీ వాళ్లు చెప్పిన జవాబు, "తయారీ లోపం ఉంటేనే రీప్లేస్‌మెంట్, మా టెక్నీషియన్ లోపం లేదని రిపోర్ట్ ఇచ్చాడు, రిటర్న్ గడువు కూడా దాటింది." గడువు ఎందుకు దాటిందంటే ముందు ఫిల్టర్ కడగమన్నారు, తర్వాత టెక్నీషియన్ వస్తాడు ఆగమన్నారు, అతను వచ్చేసరికి గడువు అయిపోయింది. ఆ మెసేజ్‌లన్నీ ఉన్నాయి. ఇంకో మెషీన్ ఇస్తే ఏం లాభం, దానికీ ఒకటే గొట్టం. నా ఫిర్యాదు మెషీన్ పాడైందని కానే కాదు. అది చెయ్యలేని పని చేస్తుందని చెప్పి అమ్మారని. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకి స్పష్టమైన నిర్వచనం ఉంది, ముఖ్యమైన సమాచారం కావాలని దాచిపెట్టడం కూడా అందులోకే వస్తుంది. చాట్‌లో నేను ఊచల గురించి, పై అంతస్తు గురించి అడిగాక కూడా దాచారు.

నాకు కావాల్సినవి చెప్తున్నాను. మెషీన్ వెనక్కి తీసుకుని బిల్లులో ఉన్న పూర్తి మొత్తం నా ఖాతాకి వేయండి, వడ్రంగికి ఇచ్చింది కూడా కలిపి, రసీదు జత చేశాను. కూపన్లు, వాలెట్ పాయింట్లు వద్దు. రెండోది, ఆ పేజీలో "సింగిల్ హోస్" అన్నది పైనే, ధర పక్కనే రాయండి, ఇనుప ఊచలున్న కిటికీకి ఈ కిట్ పట్టదని రాయండి, "120 చదరపు అడుగులు" అన్నది ఎంత ఎండకి లెక్కగట్టారో రాయండి. చాట్‌లో కూర్చునే పిల్లలకి గది సైజుతో పాటు పైన శ్లాబేనా, కిటికీ ఎలాంటిది, అటాచ్డ్ బాత్రూమ్ ఉందా అని అడగడం నేర్పండి. మొన్న మా పక్కింటావిడ కూడా తన కూతురి అద్దింటి కోసం మీదే కొందామని అడిగింది. రెండు గొట్టాలున్న మోడల్ దొరికితేనే ఆలోచించమని, దానికి బయటి గాలి లాగడానికి వేరే గొట్టం ఉంటుందని, లేదంటే ఓనర్‌ని ఇంకోసారి బతిమాలి చిన్న స్ప్లిట్టే పెట్టించుకోమని చెప్పాను. ఆ మాట నేను కాదు, మీ వాళ్లు చెప్పాలి.

ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు జవాబివ్వాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ గడువు దాకా ఆగుతాను. ఆ తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, అక్కడా తేలకపోతే ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసులకి ఫీజు కూడా లేదు, నేనున్న ఊళ్లోనే వేసుకోవచ్చు. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచాను.

మెషీన్ తీసుకెళ్లడానికి మనుషుల్ని పంపేముందు ఫోన్ చేయండి. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఇద్దరు కావాలి. మధ్యాహ్నం అత్తయ్యగారు పడుకుంటారు, పదకొండు లోపు పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయవాడ