మా సినిమాకు చెయ్యందించిన బరంపురం, పర్లాకిమిడి వాళ్ళందరికీ

సినిమా పని పూర్తయింది. చివర్లో పేర్లు పడేటప్పటికి హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయిపోతాయి. పైగా సాయం చేసినవాళ్ళలో చాలామంది తమ పేరు వెయ్యొద్దన్నారు. అందుకే ఎవరు ఏం చేశారో, దానివల్ల సినిమాకు ఏం ఒరిగిందో ఇక్కడ రాస్తున్నాం. ఎవరి పని వాళ్ళు గుర్తుపడతారు. రేపు మన ఒడిశా వైపు నుంచి తక్కువ డబ్బుతో తెలుగు సినిమా తియ్యాలనుకునే కుర్రాళ్ళకు కూడా ఇవి అక్కరకొస్తాయి.

కథ తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో: హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉంటూ వేషాల కోసం తిరిగే ముగ్గురు బరంపురం కుర్రాళ్ళు, పక్క వాటాలో జూనియర్ ఆర్టిస్టుగా చేసే ఒకమ్మాయి, ఊళ్ళో ఉండి ఫోన్లో దెబ్బలాడే ఒక భార్య. వ్యంగ్యం వీళ్ళమీద కాదు. ఫోటోలకు, పరిచయాలకు అని డబ్బు లాగి మాయమయ్యే కోఆర్డినేటర్ల మీద, ఆడిషన్ పేరుతో మనిషిని గంటలకొద్దీ నిలబెట్టేవాళ్ళ మీద. అవకాశం లేనివాణ్ణి చూసి నవ్వించడం తేలిక. ఆ పని చెయ్యకూడదనే పట్టుదలకు మీరందరూ కాపు కాశారు.

ముందుగా తన ఇంటి వెనక గది ఇచ్చిన పెద్దాయనకు నమస్కారం. కృష్ణానగర్ గది అంటే పది అడుగులు, పన్నెండు అడుగులు. అంతకన్నా పెద్దది చూపిస్తే ఎవరూ నమ్మరు. అంత చిన్నగదిలో కెమెరాకు వెనక్కి జరగడానికి చోటుండదు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సారున్న) కెమెరాకు 35 ఎంఎం లెన్స్ పెడితే, కెమెరా మనిషికి ఎన్ని అడుగుల దూరంలో ఉంటుందో సుమారు అన్ని అడుగుల వెడల్పే ఫ్రేములోకి వస్తుంది. ఆరడుగుల దూరం నుంచి చాపమీద కూర్చున్న ముగ్గురూ పట్టరు. ఇంకా వెడల్పు చూపే 24 ఎంఎంకు మారిస్తే పడతారు గానీ అంచున ఉన్నవాడి ముఖం సాగిపోతుంది. ఒక్కొక్కరినీ విడిగా తీసి అతికిస్తే హాస్యం చస్తుంది, ఎందుకంటే నవ్వు మాట అన్నవాడి ముఖంలో కన్నా విన్న ఇద్దరి ముఖాల్లో ఎక్కువ ఉంటుంది. ఆ మూడు ముఖాలూ ఒకేసారి కనబడాలి. పెద్దాయన కిటికీ చట్రం, ఊచలు విప్పించి కెమెరాను పెరట్లో పెట్టుకోమన్నారు. దాంతో ఐదారడుగులు కలిసొచ్చింది. సినిమాలో బాగున్న సీన్లు సగం ఆ కిటికీలోంచి తీసినవే.

అదే గదిలో ఎలక్ట్రీషియన్ తమ్ముడి పని ఎవరికీ కనబడదు. కనబడకపోవడమే అతని గొప్ప. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. సెకనుకు 24 ఫ్రేములు తీస్తూ షట్టరు 1/50 సెకను దగ్గర పెడితే ఆ మినుకు తెరమీద కనబడదు. చవక ఎల్‌ఈడీ బల్బులు, డిమ్మర్లు మాత్రం ఈ లెక్కకు లొంగవు, గోడమీద పట్టీలు పాకుతాయి. అతను ప్రతి బల్బునూ ముందురోజే కెమెరా ముందు వెలిగించి, పట్టీ కనబడిందల్లా తీసేశాడు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేది కూడా అతనే. ఫ్యాను తిరుగుతుండగా రికార్డు చేస్తే షాటు షాటుకూ హోరు మారిపోయి అతుకులు వినబడతాయి. అందుకని ఫ్యాను ఆపి మాటలు, చివర్లో అందరూ కదలకుండా నిలబడి అతుకులు కప్పడానికి నిమిషంపాటు ఖాళీ గది శబ్దం, ఆ తర్వాత ఫ్యాను శబ్దం విడిగా రికార్డు చేశాం. బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టేవాడు, ఇంటికి వెళ్ళేటప్పుడు తాళం కోసం తలుపు తీస్తే స్విచ్ వెయ్యడం గుర్తొస్తుందని. ఇంటావిడ పాలు ఒక్కరోజూ విరగలేదు.

బడా బజారు వైపు టైలరు మామయ్యకు ఏం చెప్పినా తక్కువే. కథానాయకుడికి ఉన్న ఒకే ఒక మంచి చొక్కా సినిమా అంతా తిరుగుతుంది. తెరమీద ఒక చొక్కా అంటే చేతిలో మూడుండాలి: శుభ్రమైనది, చెమటతో నలిగినది, ఏదైనా అయితే మార్చడానికి ఇంకొకటి. మూడూ ఒకే తానులోంచి కోశారు. సన్నగీతల గుడ్డ వద్దన్నారు, కెమెరాలో అలలు అలలుగా కదులుతుందని. కొత్త తెలుపు లైట్ల కింద కళ్ళు చెదిరేలా మెరుస్తుంది, పేదవాడి చొక్కాలా ఉండదు. పది లీటర్ల నీళ్ళకు వంద గ్రాముల టీపొడి మరిగించి వడగట్టి, గుప్పెడు ఉప్పు వేసి, చొక్కాలను పావుగంట తిప్పుతూ ముంచి ఆరేశారు. తడిమీద ముదురుగా కనబడి భయపెడుతుంది, ఆరాక తేలిపోతుంది. ఇది నూలుగుడ్డకే, పాలిస్టరు రంగు పట్టదు. కాలరు మడత మీద, కుడి జేబు అంచున సన్న గరుకు కాగితంతో రుద్దారు. రోజూ ఫోటోలు జేబులో పెట్టుకు తిరిగేవాడి చొక్కా అక్కడే అరుగుతుందని ఆయనే చెప్పారు. ఆ అరుగుదల కోసమే మేం రెండు దగ్గరి షాట్లు తీశాం.

పులివేషం వేసిన కళాకారులకు దండం. ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వేషాలు చూడని బరంపురం మనిషి ఉండడు, వాటి వెనక ఉన్న శ్రద్ధ బయటివాళ్ళకు తెలియదు. మా కథలో కుర్రాడు ఒళ్ళంతా పులిచారలతో ఉండగా వీడియో కాల్‌లో ఆడిషన్ వస్తుంది, ఎడమవైపు తిరుగు, కుడివైపు తిరుగు, చేతులు చూపించు అంటారు. నవ్వంతా ఆ చారల్ని గమనించకుండా అదే వరస అప్పజెప్పే మనిషి మీద పడాలి. రంగు వెయ్యడానికి ముందు ఒంటి వెంట్రుకలు తీసెయ్యాలి, లేకపోతే రంగు పొరగా నిలవదు. పసుపు పూర్తిగా ఆరాకే నలుపు, తొందరపడితే అంచు పాకుతుంది. ఒకే సీను మర్నాడు కూడా తియ్యాలంటే చారలు కలవాలి కాబట్టి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, వీపు మీద ఎన్ని, భుజం మీద ఎన్ని అని లెక్క రాసుకున్నారు. ఒంటిమీద చొక్కా లేనివాడికి మైకు ఎక్కడ పెట్టాలన్నది తేల్చింది కూడా వాళ్ళే: నుదుటి పైన, తలకట్టు అంచు కింద. ఛాతీమీద పెట్టిన మైకు కన్నా అక్కడ మాట స్పష్టంగా వచ్చింది.

పర్లాకిమిడి మాస్టారి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. గిడుగు రామమూర్తి గారు (1863–1940) పాఠాలు చెప్పిన ఊరు అది, జనం మాట్లాడే తెలుగు కోసం ఆయన ఎంత పోరాడారో మనకు తెలుసు. మాస్టారు స్క్రిప్టు అంతా చదివి ఒక్కటే అన్నారు: యాస నవ్వు సీన్లలోనే వినబడితే జనం యాసను చూసే నవ్వుతారు. కుర్రాడు జోకు వేసేటప్పుడు ఎలా మాట్లాడతాడో, తండ్రికి జబ్బు చేసిందని ఫోను వచ్చినప్పుడూ అలాగే మాట్లాడాలి. ఆడిషన్లో మాత్రం గొంతు బిగించుకుని పేపరు తెలుగు పలుకుతాడు, భార్యతో దెబ్బలాటలో మళ్ళీ "ఏటీ, ఎల్లిపోతావేటి" అంటూ సొంత మాటలోకి జారతాడు. ప్రతి సీను పక్కనా ఎరుపు, ఆకుపచ్చ పెన్సిళ్ళతో గుర్తులు పెట్టి ఇచ్చారు. సీన్లు ముందువెనకలుగా తీసేటప్పుడు నటులు ఆ గుర్తులు చూసుకునే నిలబడ్డారు. ఈ సినిమాకు ఆయన చేసింది దర్శకత్వంతో సమానమని మా గట్టి నమ్మకం.

గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున భార్యాభర్తలు ఎదురెదురుగా పడే దెబ్బలాట తీసినప్పుడు కారు ఇచ్చిన అన్నయ్యకు కృతజ్ఞతలు. అలల హోరు మీద మాట నిలవదు. మైకుకు బొచ్చు తొడుగు గాలిని ఆపుతుంది గానీ సముద్రాన్ని ఆపలేదు. షాటు అయిన వెంటనే, ఆయాసం తగ్గకముందే, ఇద్దర్నీ అద్దాలెత్తిన కార్లో కూర్చోబెట్టి అవే మాటలు మళ్ళీ రికార్డు చేశాం. వారం తర్వాత స్టూడియోలో చెబితే ఆ గొంతు రాదు. అక్కడ సైన్యంవాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కాబట్టి డ్రోన్ మాట ఎత్తొద్దని ముందే హెచ్చరించి, తమ మేడ ఎక్కి తీసుకోమన్న కుటుంబానికి కూడా.

సినిమాకు తుదిరూపు ఇవ్వకముందు చూసిన ప్రేక్షకులు, ముఖ్యంగా వెనక వరసలో కూర్చున్న అక్కలు, మాకు పెద్ద మేలు చేశారు. హాల్లో ఫోను పెట్టి జనం నవ్వును రికార్డు చేసి, సినిమాతో కలిపి విన్నాం. నవ్వు ఎక్కడ పడిందో, ఎంతసేపు నిలిచిందో తెలుస్తుంది. నవ్వు పైకి లేస్తుండగా తర్వాతి మాట వస్తే ఆ మాట వినబడదు, పూర్తిగా ఆరిపోయాక వస్తే ఊపు పోతుంది, దిగడం మొదలయ్యాక రావాలి. జూనియర్ ఆర్టిస్టు అమ్మాయిని గుంపులో వెనక్కి నెట్టే సీను దగ్గర నవ్వు ఆమె మీద పడుతోందని అక్కలు పట్టుకున్నారు. ఆమె ముఖం మీద కెమెరా ఆగితే జనం ఆమెను చూసి నవ్వుతారు. నెట్టినవాడి ముఖం మీద ఆపితే వాణ్ణి చూసి నవ్వుతారు. ఒక్క కట్‌తో సీను మారిపోయింది.

లాయరు బాబాయి సలహా క్లుప్తంగా: థియేటర్లో వెయ్యాలంటే సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు, 2023 సవరణ తర్వాత యూఏలో (పిల్లలు పెద్దల మార్గదర్శనంలో చూడాల్సిన తరగతిలో) 7, 13, 16 ఏళ్ళ విభాగాలు వచ్చాయి. తెరమీద సిగరెట్ ఉంటే మొదట్లో, మధ్యలో ముప్పై సెకన్ల హెచ్చరికలు వెయ్యాలి. సిగరెట్ తీసేసి టీ గ్లాసులు పెట్టాం.

ఒడియా సబ్‌టైటిల్స్ రాసిన చెల్లెళ్ళు ప్రతి చమత్కారాన్నీ రెండుగా విరిచి, నటుడు ఆగిన చోటే అక్షరాలనూ ఆపారు. తెరమీద చదివినవాడు విన్నవాడి కన్నా ముందు నవ్వకుండా. ఎక్కడా రెండు వరసలు దాటలేదు. ఒడియా స్నేహితులు తెలుగువాళ్ళతో పాటే నవ్వారంటే అది వాళ్ళ చలవే.

ఆ మూడు చొక్కాలు, చాపలు, గరుకు కాగితాలు, చారల లెక్క రాసిన పుస్తకం మా దగ్గర ఉన్నాయి. నాటకం వేసే కుర్రాళ్ళెవరైనా అడిగి పట్టుకెళ్ళండి, అద్దె లేదు.