బ్రిటన్ హోం సెక్రటరీకి బహిరంగ లేఖ: విటుల కోసం వీధిలో నిలబడ్డారని ఒకప్పుడు శిక్షపడిన ఆడవాళ్ల పేర్లు పోలీసు రికార్డుల్లోంచి తీసేయండి

గౌరవనీయులైన హోం సెక్రటరీ గారికి,

నమస్కారం. లండన్‌లో ఉంటున్న తెలుగువాళ్లలో నేనొకడిని. కామన్వెల్త్ పౌరులుగా మాకిక్కడ ఓటు ఉంది. మావాళ్లు కూడా ఈ సంగతి తెలుసుకుని మిమ్మల్ని అడగాలని తెలుగులోనే రాస్తున్నాను.

2021లో వచ్చిన 'లాస్ట్ నైట్ ఇన్ సోహో' మీరు చూశారో లేదో. ఎడ్గర్ రైట్ తీసిన సైకలాజికల్ హారర్ సినిమా. ఫ్యాషన్ చదవడానికి కార్న్‌వాల్ నుంచి లండన్ వచ్చిన ఎలోయిస్‌కి 1960ల పాటలన్నా, బట్టలన్నా ప్రాణం. రాత్రి కన్ను మూతపడితే చాలు, ఆ కాలపు సోహోలో (లండన్ నడిబొడ్డున ఉన్న పేట) శాండీ అనే అమ్మాయి జీవితంలోకి వెళ్లిపోతుంది. మొదట్లో అదంతా చూస్తుంటే కళ్లు చెదురుతాయి. హేమార్కెట్‌లో సినిమా హాలు మీద 'థండర్‌బాల్' అనే జేమ్స్ బాండ్ సినిమా బోర్డు వెలిగిపోతుంటుంది. కెఫే డి పారిస్ అనే నైట్ క్లబ్బులో డాన్స్ నడుస్తుండగా కెమెరా ఒక చుట్టు తిరిగేసరికి శాండీ ఉన్న చోట ఎలోయిస్ ఉంటుంది. ఆ రోజుల్లో పుట్టలేదే అని మనకీ అనిపిస్తుంది.

రెండో సగంలో దెయ్యాల గోల ఎక్కువై పట్టు సడలిందని నా అభిప్రాయం. నన్ను ఇప్పటికీ వదలనిది అంతకుముందు వచ్చే క్లబ్బు సీను. సింగర్‌ని చేస్తానని నమ్మించిన జాక్, శాండీని మగవాళ్ల దగ్గరికి పంపడం మొదలుపెడతాడు. వచ్చిన ప్రతివాడూ పేరడుగుతాడు. ఆమె ఒక్కొక్కడికి ఒక్కో పేరు చెబుతుంది. ఏ పేరు చెప్పినా ప్రతివాడూ బాగుందనే అంటాడు. ఒక్క రక్తపు చుక్క లేదు, అయినా సినిమా మొత్తంలో నాకు ఒళ్లు జలదరించింది అక్కడే.

శాండీ కల్పిత పాత్ర కాబట్టి పేర్లు మార్చుకుంటూ పోయింది. అప్పట్లో అవే వీధుల్లో నిజంగా పట్టుబడిన ఆడవాళ్ల అసలు పేర్లు మీ పోలీసుల దగ్గర ఇంకా ఉన్నాయి. 1959లో వచ్చిన స్ట్రీట్ అఫెన్సెస్ చట్టం ప్రకారం వీధిలో విటుల కోసం నిలబడితే మొదటిసారి 10 పౌండ్ల దాకా జరిమానా, రెండోసారి 25 పౌండ్ల దాకా, ఆపైన 3 నెలల దాకా జైలు కూడా ఉండేది. కారులో తిరుగుతూ వాళ్లను వెతుక్కునే మగవాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం రావడానికి 1985 దాకా పట్టింది. ఇన్నేళ్లూ ఎవరి పేరు కాగితాల మీదికి ఎక్కిందో, ఎవరు టోపీ సర్దుకుని ఇంటికి వెళ్లిపోయారో వేరే చెప్పాలా?

ఆ రికార్డు మనిషికి నూరేళ్లు నిండేదాకా ఉంటుంది. 1965లో 20 ఏళ్లున్న అమ్మాయి పేరు 2045 దాకా పోదన్నమాట. 2020లో నిబంధనలు మారాక ఉద్యోగాల తనిఖీల్లో ఈ పాత కేసులు బయటపడటం తగ్గింది, నిజమే. కానీ రికార్డు రికార్డుగానే ఉంది. 18 ఏళ్లు నిండకుండా శిక్ష పడిన వాళ్ల విషయంలో ఆ మచ్చ తుడిచేస్తామని 2025లో మీ ప్రభుత్వమే ప్రకటించింది. చాలా మంచి పని. మరి 19 ఏళ్లకి జాక్ లాంటివాడి చేతిలో పడిన అమ్మాయి ఏం పాపం చేసింది?

ఇది ఈ దేశానికి కొత్తేం కాదు. మగవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధాలకు వేసిన పాత శిక్షలను రికార్డుల్లోంచి తీసేసేందుకు 2012లో చట్టం తెచ్చారు. 2017లో క్షమాభిక్ష కూడా ఇచ్చారు. అదే న్యాయం వీధిలో నిలబడినందుకు శిక్షపడిన ఆడవాళ్లకూ, వయసుతో సంబంధం లేకుండా, చేయండి.

ఒక్క మనవి. కావలసినవాళ్లు దరఖాస్తు పెట్టుకోండి అని మాత్రం అనకండి. 80 దాటిన ఆవిడ, పిల్లలకు కూడా చెప్పుకోని సంగతిని ఏదో ఫారంలో మళ్లీ రాసి, సంతకం పెట్టి మీకు పంపదు. రికార్డులు మీ దగ్గరే ఉన్నాయి, మీరే తీసేయండి.

ఇట్లు,
లండన్‌లోని ఒక తెలుగు ఓటరు